నీరు తీసినా మళ్లీ చేరుతోందా? రాతినార క్యాన్సర్ దశను తేల్చేదిలా

- ధూళి పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడే వ్యాధి
- క్షయగా పొరబడే ప్రమాదం
- దశ తేలాకే చికిత్సపై నిర్ణయం

పులివెందుల: వయసులో ఉండగా గనిలో పీల్చిన ధూళి, మనవలను ఎత్తుకునే వయసులో ఆయాసమై తిరిగి వస్తుందంటే వింతగా తోచవచ్చు. రాతినార విషయంలో ఇది వైద్యశాస్త్రం నిర్ధారించిన సత్యం. ఆస్బెస్టాస్ అని వ్యవహరించే ఈ ఖనిజం వల్ల ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరకు సోకే క్యాన్సర్‌ను మీసోథీలియోమా అంటారు. ఇది అరుదైన వ్యాధి, కానీ సోకిన వారికి గడువు తక్కువ. అందువల్ల వ్యాధి ఎంతవరకు పాకిందో, అంటే ఏ దశలో ఉందో తేల్చడం చికిత్సలో తొలి మెట్టు. శస్త్రచికిత్సకు అవకాశం ఉందా, మందులే మార్గమా, ఉపశమనమే మేలా అన్నది దశను బట్టే తేలుతుంది. ఉన్న ఎకరం అమ్మి పట్నంలోని పెద్దాసుపత్రికి బయలుదేరే కుటుంబానికి ఈ సంగతి ముందుగా తెలియడం ఎంతైనా అవసరం.

జిల్లాకు ఉన్న సంబంధం

కడప జిల్లాకు ఈ ఖనిజంతో పాత బంధమే ఉంది. పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె పరిసరాల్లో తెల్ల రాతినార నిక్షేపాలు ఉన్నాయి. క్రైసోటైల్‌గా పిలిచే ఈ రకం నార ఇక్కడి గనుల నుంచి దశాబ్దాల పాటు వెలికివచ్చింది. రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వడాన్ని కేంద్ర ప్రభుత్వం 1986లో నిలిపివేసింది. ఉన్న లీజుల పునరుద్ధరణకు 1993లో స్వస్తి పలికింది. ఆ తర్వాత సిమెంటు రేకుల పరిశ్రమ ప్రధానంగా దిగుమతి నారపైనే ఆధారపడింది.

తవ్వకం తగ్గినంత మాత్రాన ముప్పు తొలగిపోలేదు. ధూళి పీల్చిన నాటికీ వ్యాధి బయటపడే నాటికీ మధ్య సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల వ్యవధి ఉంటుంది. 1985లో ఇరవై ఏళ్ల వయసులో గని పనికి వెళ్లిన వ్యక్తికి ఇప్పుడు అరవై దాటి ఉంటుంది. నాటి ధూళి ఫలితం కనిపించే అవకాశం ఉన్నది సరిగ్గా ఈ వయసులోనే. రేకుల కర్మాగారాల్లో, బాయిలర్లు, ఆవిరి గొట్టాలకు రాతినార చుట్టే పనుల్లో, ఓడలను విడగొట్టే యార్డుల్లో పనిచేసిన వారికీ ఇదే వర్తిస్తుంది.

నీలి, గోధుమ రంగు రకాల నారతో పోలిస్తే తెల్ల నార వల్ల ఈ క్యాన్సర్ ముప్పు తక్కువేనని పరిశోధకుల్లో పలువురి అభిప్రాయం. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల రాతినారనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనే చేర్చింది.

గనిలో దిగని వారికీ

రాతినారకు, ఈ క్యాన్సర్‌కు గల సంబంధాన్ని స్పష్టంగా చాటిన పరిశోధన 1960లో దక్షిణాఫ్రికా నుంచి వెలువడింది. డాక్టర్ వాగ్నర్, ఆయన సహచరులు అక్కడి నీలి రాతినార గనుల ప్రాంతానికి చెందిన 33 మంది రోగుల వివరాలను ప్రకటించారు. వారిలో అందరూ గని కార్మికులు కారు. చిన్నతనంలో గనుల దాపున నివసించిన వారు కూడా ఉన్నారు. కార్మికుల దుమ్ము పట్టిన బట్టలను దులిపి ఉతికిన గృహిణులకూ వ్యాధి సోకినట్లు తర్వాత పలు దేశాల్లో వెలుగుచూసింది.

రాతినార పోగులు కంటికి కనిపించనంత సూక్ష్మమైనవి. గాలితో పాటు లోనికి వెళ్లి ఊపిరితిత్తుల లోతుల్లో చిక్కుకుంటాయి. శరీరం వాటిని పూర్తిగా కరిగించలేదు, బయటకు నెట్టలేదు. కొన్ని పోగులు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరా అనే పలుచని పొరను చేరి ఏళ్ల తరబడి వాపును రగిలిస్తాయి. ఆ రాపిడిలో కణాల జన్యువులు దెబ్బతిని క్యాన్సర్‌కు దారితీస్తాయి.

నీరంతా క్షయ కాదు

ఈ వ్యాధి తొలి లక్షణాలు మామూలు జబ్బులను పోలి ఉంటాయి. ఆయాసం, ఛాతీలో ఒకవైపు నొప్పి, పొడి దగ్గు, బరువు తగ్గడం, అలసట కనిపిస్తాయి. ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య నీరు చేరుతుంది. మన దేశంలో ఇలా నీరు చేరడానికి క్షయ ఒక ముఖ్య కారణం. కాబట్టి వైద్యులు మొదట క్షయను అనుమానించడం సహజం. అది చాలాసార్లు నిజమే అవుతుంది కూడా.

చిక్కు వచ్చేది ఆ తర్వాతే. క్షయ క్రిమి ఆనవాలు దొరకకపోయినా, మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే కారణం వేరే ఉందేమోనని చూడాలి. ఇక్కడ ఒక ప్రశ్న కీలకమవుతుంది. "పెద్దాయనా, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారు?" అని వైద్యుడు అడగాలి. అడగకపోతే రోగే చెప్పాలి. నలభై ఏళ్ల కిందట మానేసిన పనికీ, నేటి ఆయాసానికీ సంబంధం ఏముంటుందిలే అని చాలామంది ఆ మాటే ఎత్తరు. ఇలా నెలలు గడిచిపోతే వ్యాధి ఒక దశ నుంచి మరో దశకు చేరుతుంది.

ముక్క తీస్తేనే నిర్ధారణ

దశ తేల్చడానికి ముందు వ్యాధి ఇదేనని నిర్ధారించాలి. ఎక్స్‌రేలో నీరు చేరిన సంగతి తెలుస్తుంది. సూదితో ఆ నీటిని తీసి కణాలను పరీక్షిస్తారు. అయితే నీటి పరీక్షలో క్యాన్సర్ కనిపించనంత మాత్రాన అది లేదని చెప్పలేరు. అందుకే పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ అవసరమవుతుంది.

ఛాతీ పక్కన చిన్న రంధ్రం చేసి, కెమెరా అమర్చిన గొట్టాన్ని లోనికి పంపే విధానాన్ని థొరాకోస్కోపీ అంటారు. దీనితో వైద్యుడు పొరను కళ్లారా చూసి, అనుమానం ఉన్న చోట్ల నుంచి ముక్కలు తీస్తాడు. నీటిని కూడా అప్పుడే పూర్తిగా తోడేయవచ్చు. ప్రయోగశాలలో ఆ ముక్కలకు ప్రత్యేక రంగు పరీక్షలు చేసి, ఇది పొరలో పుట్టిన క్యాన్సరా, మరో అవయవం నుంచి పాకి వచ్చినదా అన్నది వేరు చేస్తారు.

రాతినార వల్ల వచ్చే జబ్బులన్నీ ఒకటి కాదు. పొరపై అక్కడక్కడా ఏర్పడే గట్టి మచ్చలు క్యాన్సర్ కావు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ కూడా క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తి లోపల వచ్చే క్యాన్సర్ వేరు, దాని దశలను లెక్కించే పద్ధతీ వేరు. రాతినార ధూళికి పొగతాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తి క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మీసోథీలియోమాకు మాత్రం పొగాకుతో సంబంధం ఉన్నట్లు తేలలేదు. కాబట్టి బీడీ ముట్టని వారికి ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు.

మూడు అక్షరాల లెక్క

ఈ క్యాన్సర్‌ను దశలుగా విభజించే తొలి పద్ధతిని బుట్‌చార్ట్ అనే శస్త్రవైద్యుడు 1976లో ప్రతిపాదించారు. అంతర్జాతీయ నిపుణుల బృందం 1995లో మరింత సమగ్రమైన పద్ధతిని రూపొందించింది. దాని ఆధారంగానే నేడు ప్రపంచమంతటా టి, ఎన్, ఎం అనే మూడు అక్షరాల పద్ధతి వాడుకలో ఉంది. దీని తొమ్మిదో కూర్పు 2025 నుంచి అమల్లోకి వచ్చింది.

టి అంటే అసలు కణితి ఎంత ఉందన్నది. ఎన్ అంటే శోషరస గ్రంథులకు పాకిందా అన్నది. ఎం అంటే శరీరంలోని దూరపు భాగాలకు చేరిందా అన్నది. ఈ మూడింటికీ వేర్వేరుగా అంకెలు వేసి, వాటిని కలిపి చూసి ఒకటి నుంచి నాలుగు వరకు దశను నిర్ణయిస్తారు.

పొర మందమే కొలమానం

ఇతర క్యాన్సర్లలో కణితి చాలావరకు ముద్దలా ఉంటుంది. దాని అడ్డుకొలత చూస్తే సరిపోతుంది. మీసోథీలియోమా అలా కాదు. చెట్టు కాండానికి బెరడు పట్టినట్లు ఊపిరితిత్తి చుట్టూ పరచుకుంటుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. అందుకే తొమ్మిదో కూర్పులో పొర మందాన్ని కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టారు.

సీటీ స్కాన్‌లో ఛాతీని పై, మధ్య, కింది భాగాలుగా చూస్తారు. ఒక్కో భాగంలో పొర అన్నింటికన్నా మందంగా ఉన్న చోట కొలత తీసుకుని మూడింటినీ కూడుతారు. మొత్తం 12 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే సాధారణంగా టి1. 12 దాటి 30 వరకు ఉంటే టి2. 30 మిల్లీమీటర్లు మించితే టి3. ఉదాహరణకు పై భాగంలో 4, మధ్యలో 5, కింద 7 మిల్లీమీటర్లు ఉంటే మొత్తం 16. అంటే టి2 కిందికి వస్తుంది.

కొలత ఒక్కటే ప్రమాణం కాదు. ఊపిరితిత్తి తమ్మెల మధ్య ఉండే చీలికలో పొర మందం 5 మిల్లీమీటర్లు దాటితే, మొత్తం 12 లోపే ఉన్నా టి1గా పరిగణించరు. ఇక కణితి పక్కటెముకల్లోకి, వెన్నెముకలోకి, గుండెలోకి చొచ్చుకుపోయినా, ఛాతీకి, పొట్టకు నడుమ ఉండే డయాఫ్రమ్‌ను దాటి కడుపులోకి దిగినా, ఎదుటి వైపు పొరకు పాకినా మందంతో నిమిత్తం లేకుండా టి4గా లెక్కిస్తారు.

గ్రంథులు, దూరపు అవయవాలు

శరీరంలో వ్యాధి క్రిములను, చెడిన కణాలను వడగట్టే చిన్న చిన్న ఉండలే శోషరస గ్రంథులు. వాటికి వ్యాధి సోకకపోతే ఎన్0. కణితి ఉన్న వైపే ఛాతీలోని గ్రంథులకు పాకితే ఎన్1. ఎదుటి వైపు గ్రంథులకు గానీ, మెడ కింద కంటె ఎముక పైనున్న గ్రంథులకు గానీ చేరితే ఎన్2.

కాలేయం, ఎముకలు, మెదడు వంటి దూరపు భాగాలకు చేరితే ఎం1, లేకపోతే ఎం0. దీన్ని తెలుసుకోవడానికి పెట్ సీటీ స్కాన్ ఉపకరిస్తుంది. శస్త్రచికిత్స ఆలోచన ఉన్నప్పుడు స్కాన్‌తో సరిపెట్టుకోకుండా, శ్వాసనాళంలోకి గొట్టం పంపి గ్రంథుల నుంచి సూదితో నమూనాలు తీస్తారు. కడుపులోకి దిగిందన్న అనుమానం ఉంటే లాప్రోస్కోపీతో చూస్తారు. స్కాన్‌లో కనిపించిన దానికన్నా లోపల వ్యాధి ఎక్కువగా పాకి ఉండటం ఈ క్యాన్సర్‌లో తరచూ ఎదురయ్యే అనుభవం.

నాలుగు దశలు

స్థూలంగా చెప్పాలంటే, వ్యాధి ఒకవైపు పొరకే పరిమితమై, మందం తక్కువగా ఉండి, గ్రంథులకు సోకకపోతే మొదటి దశ. పొర మందం, గ్రంథుల పరిస్థితిని బట్టి రెండు, మూడు దశలు నిర్ణయమవుతాయి. గుండె, వెన్నెముక వంటి భాగాల్లోకి నేరుగా చొచ్చుకుపోయినా దూరపు అవయవాలకు చేరకపోతే అది మూడో దశే. ఎం1 అని తేలితే మాత్రం మిగతా అంకెలు ఏవైనా నాలుగో దశగానే పరిగణిస్తారు.

కడుపులోని పొరకు వచ్చే మీసోథీలియోమాకు ఈ లెక్క వర్తించదు. అక్కడ పొట్టను 13 భాగాలుగా విభజించి, ఒక్కో భాగానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, గరిష్ఠంగా 39కి ఎంత వచ్చిందో చూసి తీవ్రతను అంచనా వేస్తారు.

దశతో పాటు కణం తీరూ ముఖ్యమే

ఒకే దశలో ఉన్న ఇద్దరు రోగుల పరిస్థితి ఒకేలా ఉండకపోవచ్చు. సూక్ష్మదర్శినిలో కణాలు కనిపించే తీరును బట్టి ఈ క్యాన్సర్ మూడు రకాలు. ఎపిథీలియాయిడ్ రకం మిగతా వాటికన్నా నెమ్మదిగా సాగుతుంది. సార్కమటాయిడ్ రకం ఉద్ధృతంగా పెరుగుతుంది. రెండూ కలిసినది బైఫేసిక్ రకం. రోగి వయసు, తన పనులు తాను చేసుకోగల శక్తి, రక్త పరీక్షల ఫలితాలు కూడా నిర్ణయంలో పాత్ర వహిస్తాయి. అందువల్ల బయాప్సీ నివేదికలో రకం ఏదని రాశారో తప్పక చూసుకోవాలి.

దశను బట్టి చికిత్స

కణితి పట్టిన పొరను ఒలిచివేసే శస్త్రచికిత్సను తొలి దశలో ఉన్న, ఆరోగ్యం తట్టుకోగల కొద్దిమంది విషయంలోనే పరిశీలిస్తారు. ఆ విషయంలోనూ జాగ్రత్త అవసరమని బ్రిటన్‌లో 335 మందిపై జరిపిన అధ్యయనం హెచ్చరించింది. 2024లో ప్రచురితమైన ఈ ఫలితాల ప్రకారం, కీమోథెరపీతో పాటు శస్త్రచికిత్స చేయించుకున్న వారి సగటు జీవితకాలం 19.3 నెలలు కాగా, కీమోథెరపీ మాత్రమే తీసుకున్న వారిది 24.8 నెలలుగా తేలింది. ఇక్కడ సగటు అంటే రోగుల్లో సగం మంది అంతకు మించి జీవించారని అర్థం. ఆపరేషన్ చేస్తే అంతా నయమవుతుందన్న భరోసా ఎవరిచ్చినా, మరో నిపుణుడి అభిప్రాయం తీసుకోకుండా అప్పు చేయరాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

మందుల విషయానికి వస్తే, పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చే కీమోథెరపీ 2004 నుంచి ప్రధాన చికిత్సగా నిలిచింది. రోగనిరోధక శక్తిని పురిగొల్పే నివోలుమాబ్, ఇపిలిముమాబ్ మందుల జోడీకి 2020లో అమెరికా అనుమతి లభించింది. ఆపరేషన్‌కు వీలులేని రోగులపై జరిపిన అధ్యయనంలో ఈ జోడీ వాడిన వారి సగటు జీవితకాలం 18.1 నెలలు, కీమోథెరపీ పొందిన వారిది 14.1 నెలలు. సార్కమటాయిడ్, బైఫేసిక్ రకాల్లో ఈ తేడా మరింత ఎక్కువగా కనిపించింది. అయితే ఈ మందుల ధర సామాన్యుడికి అందుబాటులో లేదు.

ఏ దశలోనైనా ఉపశమన చికిత్సకు స్థానం ఉంది. నీరు మళ్లీ చేరకుండా టాల్క్ పొడిని పంపి పొరలను అతికించడం, ఇంట్లోనే నీరు తీసుకునేలా సన్నని గొట్టం అమర్చడం, నొప్పికి తగిన మందులు ఇవ్వడం వల్ల రోగి మిగిలిన కాలాన్ని ప్రశాంతంగా గడపగలుగుతాడు. చివరి దశ అని తేలితే, అనవసరపు ఆపరేషన్ల నుంచి రోగిని, అప్పుల నుంచి కుటుంబాన్ని కాపాడేది కూడా ఆ నిర్ధారణే.

కాగితాలు భద్రం

రాతినార కార్మికుల ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 1995 జనవరి 27న కీలక తీర్పు వెలువరించింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన నాటి నుంచి 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు యాజమాన్యాలు భద్రపరచాలని ఆదేశించింది. కార్మికులందరికీ ఆరోగ్య బీమా ఉండాలని స్పష్టం చేసింది. రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి.

హక్కు ఉన్నా రుజువు లేకపోతే చేతికి వచ్చేది శూన్యం. మస్టరు రోలులో పేరు లేకుండా రోజు కూలికి పనిచేసిన వారికి ఇదే పెద్ద ఆటంకం. పాత గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీ, వేతన రశీదు, గని ముందు దిగిన ఫొటో, తోటి కార్మికుల వాంగ్మూలం, ఏదైనా పనికివస్తుంది. వైద్యుడికి చెప్పిన పని వివరాలను కేస్‌షీట్‌లో రాయించుకోవడం అన్నింటికన్నా ముఖ్యం. వృత్తి వివరం లేని కేస్‌షీట్ ఆధారంగా పరిహారం కోరడం కష్టం.

ఇవి గుర్తుంచుకోండి

- గనుల్లో, రేకుల కర్మాగారాల్లో ఎప్పుడు పనిచేసినా, ఎంత కాలమైనా ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.
- ఛాతీలో ఒకవైపు నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే సీటీ స్కాన్, బయాప్సీ అవసరమా అని అడగాలి. క్షయ మందులను సొంతంగా మానరాదు.
- బయాప్సీలో తేలిన రకం ఏది? టి, ఎన్, ఎం అంకెలు ఎంత? మొత్తం దశ ఎంత? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.
- దశ తేలకముందే ఆపరేషన్‌కు డబ్బు కట్టరాదు.
- ఇంటిపైన సిమెంటు రేకులు ఉన్నాయని బెంబేలెత్తనక్కర్లేదు. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు నార సిమెంటులో బంధించి ఉంటుంది. వాటిని కోసినా, రంధ్రాలు చేసినా, పగలగొట్టినా ధూళి లేస్తుంది. తప్పనిసరైతే నీటితో తడిపి, పిల్లలను దూరంగా ఉంచి పని చేయించాలి. ముక్కలను పొడి చేసి దారులకు, నేలకు వాడరాదు.